ఏకాదశి నాడు నల్ల కేకు

అక్టోబర్ 5, ఆదివారం

పొద్దున్నే కీర్తన ఫోన్. వచ్చే ఆదివారం వాళ్ళు వస్తారట, ఏడ్రియన్, వాళ్ళమ్మ. పెళ్ళి మాట అనుకున్నాక మొదటిసారి మా ఇంటికి. "ఆంటీ కుర్మా తెస్తానంది, నువ్వు స్వీట్ ఏం చేయకమ్మా." స్వీటుకీ కుర్మాకీ ఏం సంబంధం? అడగలేదు. కుర్మా వాళ్ళు తెస్తే పూరీలు నేను చేస్తాను.

మాలాగే అమెరికా వచ్చిన ట్రినిడాడ్ వాళ్ళు. ముత్తాతల కాలంలో మన దేశం నుంచి ఓడల్లో అక్కడి చెరకు తోటల పనికి వెళ్ళినవాళ్ళు. మా ఆయన మ్యాపులో చూపించారు. సముద్రంలో చిన్న చుక్క.

కుర్మాలో మాంసం వేస్తారేమో... అదీ అడగలేదు. రోజంతా అదే గుబులు.

అక్టోబర్ 12, ఆదివారం

పూరీలు బాగా పొంగాయి. మెర్లిన్ గారు — ఏడ్రియన్ వాళ్ళమ్మ, నా వయసే ఉంటుంది, పెద్ద గొంతు, పెద్ద నవ్వు — డబ్బా మూత తీశారు. కూర లేదు. వేలెడేసి మైదా ముక్కలు, నేతిలో వేగి, పైన పాకం ఎండి తెల్లగా. వాళ్ళకి కుర్మా అంటే ఇదట. పూరీల గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

కీర్తన నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. మా ఆయన — "ఏం పర్లేదు, పూరీలో చుట్టుకుని తింటే సరి." ఏడ్రియన్ నిజంగానే చుట్టుకుని తిన్నాడు. "బాగుంది ఆంటీ" అన్నాడు తెలుగులో. కీర్తన నేర్పినట్టుంది.

గుడ్డు లేదని అడిగి తెలుసుకున్నాక నేనూ ఒకటి తిన్నాను. మన తీపి గవ్వల రుచే. చివర్లో మాత్రం అల్లం ఘాటు, గొంతు దాకా. ఇంకోటి తీసుకున్నాను.

వెళ్ళేముందు మెర్లిన్ గారు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు చెప్పారు. కీర్తన తెలుగులో చెబుతూ వచ్చింది. పెళ్ళికి వాళ్ళింట్లో నల్ల కేకు ఉండాలి. దానికి ఎండుద్రాక్ష, చెర్రీలు జాడీలో నానాలి. ఏడ్రియన్ ఇంట్లో మొదటిసారి కీర్తన పేరు చెప్పిన రోజే నానేశారట. పెళ్ళి రోజు తల్లులిద్దరూ ఒకరికొకరు మొదటి ముక్క తినిపించుకోవాలి. అది వాళ్ళింటి పద్ధతి.

"దేంట్లో నానేశారు?" అన్నాను కీర్తనతో.

"జ్యూస్ లాంటిదే అమ్మా." నా వైపు చూడలేదు.

అక్టోబర్ 14

జ్యూస్ లాంటిది. అంటే జ్యూస్ కాదు.

అక్టోబర్ 18, శనివారం

నిన్న కీర్తన ఫాయిల్‌లో చుట్టిన ముక్కొకటి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళింది. మెర్లిన్ గారు రుచి చూడమన్నారట. ఇవాళ విప్పాను. బొగ్గులా నలుపు, చేతికి తడి. వాసన... ఇంజెక్షన్ చేసే ముందు చేతికి రాస్తారే, ఆ దూది వాసన. దాని వెనక దాల్చినచెక్క. సందేహం లేదు. మందు.

పక్కనే నైవేద్యానికి తీసిపెట్టిన పాలు. పాలు పారబోశాను. కేకు బాల్కనీలో పెట్టాను.

సాయంత్రానికి ఫాయిల్ ఖాళీ. మా ఆయన మూతి తుడుచుకుంటూ — "బాగానే ఉందే." షుగరున్న మనిషి! అందులో గుడ్డు కూడా ఉంటుందన్నాను. "ఉంటే ఉంది."

కీర్తనకి ఫోన్ చేశాను. గట్టిగా మాట్లాడలేదు. నాకు రాదు.

"జ్యూస్ అని ఎందుకన్నావే?"

"రమ్ అంటే పెళ్ళే వద్దంటావని."

"నేనెప్పుడైనా వద్దన్నానా?"

"నువ్వు ఏదీ అనవమ్మా. మొహం పెడతావ్. దానికంటే తిట్టడం బెటర్."

అక్టోబర్ 19

అద్దంలో చూసుకున్నాను. ఏ మొహం?

అక్టోబర్ 24, శుక్రవారం

పెళ్ళిలో ఏ స్వీట్లు పెట్టాలో రుచి చూసి చెప్పాలట. వచ్చే శనివారం వాళ్ళింట్లో. కేకు కూడా ఉంటుంది. అందరి ముందూ తినాలి.

క్యాలెండర్ తీశాను. శనివారం ఏకాదశి. స్వామీ!

"ఆ రోజు నాకు ఉపవాసమని చెప్పు" అన్నాను. "నీకు ఎప్పుడూ ఏదో ఒకటి" అని గొణిగింది కీర్తన. అయినా చెప్పింది. దేవుడి పని కదా, వచ్చి కూర్చుంటే చాలని మెర్లిన్ గారు అన్నారట.

అబద్ధం కాదు. కార్తీక ఏకాదశి ఏ ఏడూ తప్పలేదు నేను. అబద్ధం కాదు.

నవంబర్ 1, శనివారం. ఏకాదశి

వరసగా రాస్తాను.

జెర్సీ సిటీలోనే వాళ్ళిల్లు, ఊరికి అటు చివర. ముందు వాకిట్లో వెదురు గడ, దానికి ఎర్ర జెండా. హనుమంతుడిదట. చూడగానే ప్రాణం కుదుటపడింది. లోపల బల్ల నిండా పళ్ళేలు. గులాబీ రంగు కొబ్బరి లౌజు, దాన్ని షుగర్ కేక్ అంటారట. చింతపండు ఉండలు, పైన పంచదార, లోపల కారం. కీర్తన ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. "అమ్మా, ఇది నీకు భలే నచ్చుతుంది." మా ఆయన్ని ఎవరూ ఆపలేకపోయారు. చివర్న, అద్దాల మూత కింద, నల్ల కేకు.

నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అంతా సవ్యంగానే ఉంది. అక్కడితో ఆగిపోవాల్సింది.

ఏడ్రియన్ ఒక పళ్ళెం తెచ్చాడు. గోధుమరంగు ముక్కలు, అంచులు ఎర్రగా కాలి. పోన్ అట. కసావాతో చేస్తారట. కసావా అంటే ఏమిటన్నాను. వంటింట్లోంచి దుంప తెచ్చి చూపించాడు. కర్రపెండలం! మన సగ్గుబియ్యం వచ్చేది దీంట్లోంచే. ఇంకేం వేస్తారు? కొబ్బరి, పాలు, గుమ్మడికాయ, వెన్న, కాస్త మిరియాలు. గుడ్డు లేదు, పిండి లేదు. ఏకాదశికి సగ్గుబియ్యం తింటాం కదా... ఇది తినొచ్చు.

ఎంత సంతోషమేసిందో. తీసుకుని తిన్నాను. కోవాలా మెత్తగా, అడుగున కాస్త జిగట, మిరియం చురుక్కుమంటూ. "వెరీ గుడ్" అన్నాను మెర్లిన్ గారితో. మనస్ఫూర్తిగా.

ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

"తింటున్నావే."

"ఇది... తినొచ్చు."

"మా ఉపవాసమంటే సాయంత్రం దాకా నీళ్ళు తప్ప ఏమీ ముట్టం. నీ ఉపవాసం నా కేకు ఒక్కదానికేనా?"

కీర్తన ఏదో చెప్పబోయింది, దుంపలు వేరు, ధాన్యం వేరు అని. దాని ఇంగ్లీషులో నాకే సాకులా వినిపించింది. పళ్ళెం బల్ల మీద పెట్టేశాను. మెర్లిన్ గారు కేకు తీసుకుని లోపలికి వెళ్ళారు. మళ్ళీ రాలేదు.

కార్లో మా ఆయన రేడియో పెట్టారు. కీర్తన కట్టేసింది.

నవంబర్ 2

ద్వాదశి. పారణ చేశాను. సగంలో లేచాను.

నవంబర్ 5, బుధవారం

పౌర్ణమి. కీర్తన రాలేదు. ప్రతి ఏడూ వచ్చేది.

నవంబర్ 8, శనివారం

వచ్చింది. చెప్పులు విప్పలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"ఆంటీ కేక్ చేయనంది. షాప్‌లో కొనుక్కోండి అంది. ఏడ్రియన్ వాళ్ళమ్మతో మాట్లాడట్లేదు. నాకూ ఓపిక లేదమ్మా. కోర్ట్‌లో సైన్ చేసేస్తాం. మీరు ఎవ్వరూ రావద్దు."

"కాఫీ తాగు" అన్నాను. అదొక్కటే వచ్చింది నోటికి.

"చూశావా? చూశారా నాన్నా?" వెళ్ళిపోయింది.

మా ఆయన నా వైపు చూసి టీవీ కట్టేశారు.

నా కూతురి పెళ్ళి. నేను లేకుండా.

నవంబర్ 10, సోమవారం

ఫోన్ చేతిలోకి తీసుకోవడం, పెట్టేయడం. ఇంగ్లీషులో ఏమని చెప్పాలి? కీర్తనని అడగను. ఈ మాట కీర్తన నోటితో వెళ్ళకూడదు.

నవంబర్ 12

చేశాను. "మే ఐ కమ్?" అన్నాను, అంతే. అటువైపు చాలాసేపు కుళాయి చప్పుడు. "కమ్."

నవంబర్ 15, శనివారం

బస్సులో ఒక్కదాన్నే వెళ్ళాను. మా ఆయన దిగబెడతానన్నారు, వద్దన్నాను.

మెర్లిన్ గారు వంటింట్లోనే కూర్చోబెట్టారు. టీ ఇవ్వలేదు. దారంతా కూడబలుక్కున్నది చెప్పాను. ఉపవాసం నిజం. దుంప తినొచ్చు, అదీ నిజం. కానీ ఉపవాసం లేకపోయినా కేకు తినేదాన్ని కాదు. రమ్, గుడ్డు. పుట్టాక ముట్టలేదు. ఆ మాట మీకు చెప్పలేక దేవుడి వెనక దాక్కున్నాను.

ఆవిడ వింటూ బల్ల తుడుస్తూనే ఉన్నారు. తుడిచిన చోటే.

"మా అబ్బాయి నచ్చలేదనుకున్నాను."

"అయ్యో, లేదు వదినగారూ!"

తెలుగు దొర్లింది. అంటే ఏమిటన్నారు. బ్రదర్స్ వైఫ్ అన్నాను. "నీ బ్రదర్‌ని నేనెప్పుడు పెళ్ళి చేసుకున్నాను?" నవ్వబోయి ఆపుకున్నారు. తర్వాత మెల్లిగా — "నా పెళ్ళికి మా అమ్మ నానేసింది. ఆవిడ లేదిప్పుడు. ఆ కేకు వద్దంటే నన్ను గుమ్మం బయట నిలబెట్టినట్టే నాకు."



లేచి జాడీ తెచ్చి బల్ల మీద పెట్టారు. పెద్ద గిన్నె, వెన్న, గుడ్లు. "ఇవాళ చేస్తాను. తినమని అడగను. కలుపు. నువ్వు కలిపితేనే ఓవెన్‌లో పెడతాను."

పొయ్యి మీద పంచదార వేసి ఆవిడ అటు తిరిగారు. చూస్తుండగానే నల్లగా పొగ. మాడిపోతోందని గబుక్కున పొయ్యి కట్టేశాను. ఆవిడ అరుపు! "మాడాలి! ఆ రంగు దాంతోనే వస్తుంది!" నా చేతి మీద చిన్న దెబ్బ వేశారు, పిల్లల్ని కొట్టినట్టు. మళ్ళీ వెలిగించారు.

జాడీ మూత తీయగానే ఆ వాసన. ముక్కు మూసుకోలేదు. ఆవిడ నన్నే చూస్తున్నారు. గుడ్లు ఆవిడే కొట్టి పోశారు. చెక్క గరిటె నా చేతికిచ్చారు. రెండు చేతులతో పట్టుకుంటే గానీ తిరగలేదు, అంత బరువు. నామం అనుకుంటూ తిప్పాను. తప్పో ఒప్పో తెలియదు. చాలనే దాకా తిప్పాను.

ఓవెన్ తలుపు ఆవిడే వేశారు. అప్పుడు టీ ఇచ్చారు. మొదటి ముక్క సంగతి ఆవిడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నవంబర్ 16, ఆదివారం

కీర్తన ఫోన్. గొంతు మారింది.

"నువ్వు కలిపావా? నువ్వు? గుడ్లతో?"

"ఊ."

"ఏడ్రియన్ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాడు. కోర్ట్ సంగతి మర్చిపో, మామూలుగానే చేసుకుంటాం." మళ్ళీ తనే — "అమ్మా. మరి పెళ్ళి రోజు? ఆంటీ తినిపిస్తే తింటావా? తను అడగలేదు, నేనే అడుగుతున్నా. ముందే తెలిస్తే చెప్పేస్తా. అందరి ముందూ ఆవిడ చెయ్యి గాల్లో ఉండిపోకూడదు."

"స్వామిని అడిగి చెప్తాను."

"స్వామిని కాదు. నిన్ను అడుగుతున్నా."

పాలు పొంగుతున్నాయి, ఉండమని ఫోన్ పెట్టేశాను.

పొయ్యి మీద పాలు లేవు.