కాగితంలో లేని పిల్ల

కన్నబిడ్డను కలంతో చంపిన తల్లిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. ఈ వీలునామా రాస్తున్నది ఆవిడే.

వయసు యాభై ఎనిమిది. పరాయి దేశంలో ఒక ఆసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్ళు దుప్పట్లు ఇస్త్రీ చేసి, ఊపిరితిత్తులు పాడుచేసుకుని నాలుగేళ్ళ కిందట తిరిగొచ్చినదాన్ని. ఊపిరి అందడం లేదు గాని బుద్ధి స్థిమితంగా ఉంది. డాక్టరు కూడా అదే రాసిచ్చాడు. ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. లోగడ రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

1. ఈ వీలునామా అమలు చేయవలసినవాడు కింది వాటాలో ఉండే దర్జీ తమ్ముడు. నేను దేవుని వాక్యం చెబుతుంటే కునికిపాట్లు పడతాడు గాని కొలత మాత్రం తప్పడు.

2. ఇస్త్రీ వేడికి అంచులు గోధుమరంగు తిరిగిన నా పరిశుద్ధ గ్రంథం, లాండ్రీలో నాతో పనిచేసి ఇప్పుడు పక్క వీధిలో ఉంటున్న పొట్టికి. అక్కడ మేముండే ఆరు మంచాల గదిలో సెలవునాడు నేను ప్రసంగం ఎత్తుకుంటే, "మైకక్కా, దేవుడికి చెవుడు లేదే" అనేది. చివరిదాకా కూర్చున్నదీ అదొక్కతే. అంచుల్లో నేను రాసుకున్నవన్నీ నమ్మవద్దని చెప్పండి.

3. మా అక్క భర్త, అంటే మా బావకు, నా క్షమాపణ. అదీ సగమే. మిగతా సగం ఆయన నోరు తెరిచి అడిగితే.

ఎందుకో వినండి. నా భర్త, పిల్ల కడుపులో ఉండగానే పోయాడు. పిల్ల పుట్టి ఎనిమిదో నెల వచ్చేసరికి ఆ ఉద్యోగం తగిలింది. పాలుతాగే పిల్లలున్నవాళ్ళను తీసుకోరని ఏజెంటు చెప్పాడు. బావ ఫారం నా ముందుకు జరిపి, "ఒక్క మాటేగా మరదలా. రాస్తే పిల్ల మాయమైపోతుందా ఏంటి?" అన్నాడు. పిల్లలు అన్న గడిలో "లేరు" అని నా చేత్తో నేనే రాశాను. అబద్ధం ఒంటికాపురం చెయ్యదు. బడిలో చేర్చేనాడు తల్లి పేరు దగ్గర, పిల్లను పెంచుతున్న అక్క పేరు పడింది.

అయిదో ఏట పిల్లకు జ్వరమొచ్చి ఫిట్సు కూడా వచ్చాయని కబురొస్తే సెలవు అడిగాను. సూపర్‌వైజరు నా ఫైలు తెరిచి, తిప్పి నాకే చూపించాడు. "కాగితంలో లేని పిల్లకి జ్వరం ఎలా వస్తుందమ్మా?" కోపంగా కూడా అనలేదు. వెనక్కి వెళ్ళి మిషను దగ్గర నిలబడ్డాను.

రెండేళ్ళకోసారి వచ్చేదాన్ని. పిల్ల అక్క వెనక దాక్కుని, పిన్ని ఎప్పుడెళ్ళిపోతుందని అడిగేది.

ఒక బిడ్డ కోసం ఇద్దరు ఆడవాళ్ళు రాజు ముందు నిలబడిన కథ నా ప్రసంగాల్లో మీకు వందసార్లు చెప్పాను. కత్తి చూసి బిడ్డను వదులుకున్నదే అసలు తల్లి అని బల్లగుద్ది చెప్పాను. చెప్పని నిజం ఒకటుంది: నాకు ఎవరూ కత్తి చూపించలేదు. ఉద్యోగం చూపించారు. వదిలేశాను.

4. నేనుంటున్న రెండు గదుల వాటా నా కూతురికి. దస్తావేజులు రాసే ఆయన, "అక్క కూతురు అని రాయించండమ్మా, కాగితాలకు సరిపోతుంది, రేపు చిక్కులుండవు" అని సలహా చెప్పాడు. కాగితాలకు సరిపోయే మాట ఒకసారి రాశాను, చాలు. కాబట్టి: రికార్డుల్లో నా అక్క కూతురిగా ఉన్నదీ, నా కడుపున పుట్టినదీ, ఎడమ మోచేతి మీద కుట్ల మచ్చ ఉన్నదీ, పెద్దాసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నదీ అయిన నా కూతురికి, సర్వహక్కులతో. అమ్మా, ఈ వాక్యం నువ్వు రెండోసారి చదువుతావు. చదువు. నిజమే.

5. అక్కకు నా ఉన్ని శాలువా. అమ్మ అన్న పిలుపు నేనిచ్చేది కాదు, తను సంపాదించుకున్నది. దాన్ని వెనక్కి అడగను. అక్కా, నువ్వు నన్ను ఏనాడో క్షమించావు. అందుకే నీ మొహం చూడలేకపోయాను.

6. నా మనవరాలికి ఏడు నెలలు. నిన్న నా కూతురు మంచం పక్కన కూర్చుని, పరాయి దేశపు ఆసుపత్రిలో ఉద్యోగం కుదిరిందనీ, ఫారం ఇవాళ సాయంత్రం నాలుగింటికల్లా ఇచ్చేయాలనీ చెప్పింది. మరి పిల్ల అన్నాను. "అమ్మ చూసుకుంటుందిలే పిన్నీ. చంటిపిల్లలున్నారంటే పక్కన పెడతారట, లేరని పెట్టేశాను. మూడేళ్ళేగా." బావ గుమ్మంలో నిలబడి తలూపాడు. ఇన్నేళ్ళు మైకులా మోగిన నా నోరు పెగల్లేదు. మాట రాక రాస్తున్నాను.

వీలునామా మనిషి పోయాక చదవడం ఆనవాయితీ. నాది నేను బతికుండగానే చదవాలి.

తేదీ: ఈ నెల పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంట.

సంతకం: మైకక్క అని పేరుపడినదాన్ని, ఒక కూతురి తల్లిని.

సాక్షులు: మందుల షాపాయన, ఎదురింటి టీచరమ్మ.

దర్జీ తమ్ముడూ, సిరా ఆరేదాకా ఆగకు. రెండింటికి నా కూతురికి డ్యూటీ అయిపోతుంది, ఆ ఫారం పట్టుకుని నేరుగా ఆఫీసుకు పోతుంది. మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి ఆసుపత్రి గేటు దగ్గరికి పరుగెత్తు. దాన్ని ఆపు, ఇదంతా చదివించు, గడిలో "లేరు" అన్నది కొట్టివేయించి బిడ్డ పేరు రాయించు. ఉద్యోగం పోతే పోనీ. ఇవాళే, ఇప్పుడే, లే.