కార్క్ వెళ్లిన పెళ్లిసంబంధం

ముహర్రక్, బహరేన్,
నవంబరు 2006.

బావా,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ అందరం బాగున్నామని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. జర్మనీ మేడం బాగుంది, ఆవిడ పిల్లలు బాగున్నారు, వాళ్ల పిల్లి కూడా ఒళ్లు చేసింది. నా సంగతి తర్వాత రాస్తాను. అక్కడ నువ్వు నిక్షేపంలా ఉన్నావని మొన్న శుక్రవారమే తెలిసింది.

ఇంత సంగతి ఫోన్లో చెప్పక ఉత్తరం ఎందుకని నువ్వు కోప్పడతావు. ఫోన్లో నువ్వు "ఒసేయ్ ఏంజీ" అని ఒక్క పిలుపు పిలిస్తే చాలు, నేను అడగాలనుకున్నవన్నీ మర్చిపోతాను. ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. కాగితం మీదైతే మధ్యలో మాట అందుకోలేవు కదా.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు కాస్త నయం, ఆదివారం గుడికి నడిచే వెళ్తోందట. నువ్వు పంపమన్న గోంగూర పచ్చడి పట్టాను, పంపాలో లేదో ఇంకా తేల్చుకోలేదు. జర్మన్ భాష నాలుకకి తిరగడం లేదన్నావు. మా మేడం పిల్లల దగ్గర నాకే నాలుగు ముక్కలు వచ్చేశాయి, నీకెందుకు రావో మరి. ఆస్పత్రికి మళ్లీ వెళ్లావా అని అడిగావు. వెళ్లాను. అదీ తర్వాత రాస్తాను.

మన పెళ్లయ్యాక, నువ్విక్కడ క్లినిక్‌లో నర్సుగా చేస్తున్నప్పుడు నన్ను ఇంటిపని వీసా మీద రప్పించావు. తర్వాత ఐర్లండులో ఉద్యోగం వచ్చిందని ఈ ముహర్రక్ ఎయిర్‌పోర్టులోనే నా చెయ్యి పట్టుకుని, "ఆరునెలలు ఓపిక పట్టవే, పిలిపించుకుంటాను. నీ కడుపులో గడ్డ అక్కడే తీయిద్దాం" అన్నావు. మూడేళ్లు గడిచాయి. ముందేమో ఐర్లండులో డాక్టరు గడప తొక్కితే చాలు యాభై యూరోలు గుంజుతాడు, ఇంగ్లండులో అయితే పైసా అడగరు, అక్కడికి మారాక పిలుస్తానన్నావు. తర్వాత ఇంగ్లండు బయటి నర్సులని తీసుకోవడం తగ్గించింది, జర్మనీలో మొగుడి కార్డు మీదే పెళ్లానికీ వైద్యం జరుగుతుంది, భాష నేర్చుకుంటున్నానన్నావు. జర్మన్ రావడం లేదని మొన్నటి ఉత్తరంలో స్వీడను మాట ఎత్తుకున్నావు. అక్కడ వైద్యానికి కొంత దాకా కట్టుకుంటే ఆ ఏడాదికి ఇక కట్టక్కర్లేదట, పిల్లలు పుడితే ప్రభుత్వమే డబ్బులిస్తుందట. ఓరి నాయనో! నా గడ్డని ఐరోపా అంతా తిప్పావు కదా బావా. ఏ దేశంలో ఏ జబ్బుకి ఎవరు కడతారో ఇప్పుడు నన్నడిగితే నిద్రలో లేపినా చెప్తాను.

ఆ చదువంతా పోయిన నెల ఒకరోజు పనికొచ్చింది. మేడం స్నేహితులు కాఫీకి వచ్చి, ఎవరి దేశం గొప్పో వాదించుకుంటున్నారు. ఇంగ్లండావిడ తమ దగ్గర డబ్బు అడగరు గానీ ఆపరేషనుకి నెలల తరబడి వరసలో ఉండాలంది. స్వీడనావిడ పన్నులకే జీతం సగం పోతుందంది. మా మేడం తమ జర్మనీలో మందుల దగ్గర, డాక్టరు దగ్గర కొత్తగా డబ్బులు పెడుతున్నారని విసుక్కుంది. వాళ్లు వెళ్లాక కప్పులు తీస్తూ మెల్లగా అడిగాను. "మేడం, ఐర్లండులో నర్సుగా చేసేవాడు భార్యని తీసుకెళ్లకూడదా?"

"ఎందుకు కూడదు? మన పక్క విల్లాలో ఇదివరకు ఉండే ఫిలిప్పీన్ నర్సు ఐర్లండు వెళ్లిన ఏడాదిలోపే మొగుణ్ణీ పిల్లల్నీ తీసుకెళ్లింది. మొగుడికి పని చేసుకునే అనుమతి కూడా ఇచ్చారు" అంది.

నేను నమ్మలేదు. తెల్లవాళ్లకి మన కష్టాలు, మన రూల్సు ఏం తెలుస్తాయిలే, మా బావకి తెలియదా అని నిన్నే వెనకేసుకొచ్చాను. నా అంత వెర్రిమొహం ఇంకొకతె ఉంటుందా!

ఇక శుక్రవారం సంగతి. నువ్వు వెళ్లాక నేను ఇక్కడి తెలుగు ఫెలోషిప్‌లో చేరానని రాశాను కదా. అక్కడ నిన్ను అందరూ "ఏంజెల్ వాళ్ల అచ్చిబాబు" అనే అంటారు. ఇంట్లో నీకున్న పేరు అదే కదా, నీ వీసా కోసం ప్రార్థన అడిగినప్పుడూ ఆ పేరే చెప్తాను. నీ బాప్తిస్మం పేరు ఎలియేజరని వాళ్లలో ఒక్కరికీ తెలియదు. కొత్తగా వచ్చినవాళ్లని లేపి సాక్ష్యం చెప్పించడం మా సంఘపెద్ద థామస్ గారి అలవాటు. మొన్న దీవెన అనే ఆవిడ లేచింది. ఐర్లండులోని కార్క్ ఊళ్లో నర్సట. చెల్లెల్ని చూడటానికి వచ్చిందట.

"మా కార్క్‌లో నాకు కాన్పయితే పైసా కట్టలేదండి. పాపకి నెలనెలా డబ్బులు కూడా ఇస్తున్నారండి. దేవుడు నన్ను అలాంటి దేశంలో పెట్టాడు" అంది. అందరం స్తోత్రం అన్నాం. తర్వాత ప్రార్థన అంశం చెప్పింది.

"మా ఫెలోషిప్‌లో ఎలియేజరు బ్రదర్ అని ఉన్నాడండి, ఇక్కడ బహరేన్‌లో చేసొచ్చిన నర్సే. తబలా బాగా వాయిస్తాడు. పాపం ఇంకా పెళ్లి కాలేదండి. నర్సు పిల్లయితే ఇద్దరికీ అక్కడ అన్నీ కలిసొస్తాయని అంటాడు. మంచి సంబంధం కుదరాలని ప్రార్థించండి. మీ ఎరికలో ఎవరైనా ఉంటే చెప్పండి, ఫోటో పట్టుకెళ్తాను."

ఎలియేజర్లు బోలెడుమంది ఉంటారులే అనుకున్నాను. బిరియానీ దగ్గర ఆవిడ పక్కనే కూర్చుని, "ఆ అబ్బాయికి కనుబొమ్మ మీద గాటేమైనా ఉందా అండీ?" అని అడిగాను.

"అదేంటి, ఉందండీ, కుడివైపు! మీకు తెలుసేంటి?"

చిన్నప్పుడు నేను విసిరిన తాటిటెంక గాటది. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది! ఆవిడతో మాత్రం మావాళ్లబ్బాయేనండీ అన్నాను.

నీకు చెప్పడానికి సిగ్గుపడి దాచుకున్న మాట ఒకటుంది, ఇప్పుడు చెప్తాను. దీవెన ఆ అంశం చెప్పగానే థామస్ గారు కళ్లు మూసుకుని నీకు సంబంధం కుదరాలని గట్టిగా ప్రార్థన చేశారు. ముగించాక అందరితోపాటు నా నోటి వెంట కూడా ఆమెన్ వచ్చేసింది. అలవాటు బావా. నా మొగుడికి పెళ్లి కావాలని నేనే ఆమెన్ అన్నాను.

ఆస్పత్రి సంగతి కూడా విను. డాక్టరమ్మ స్కానింగు చూసి తిట్టింది. "పోయినేడు వచ్చినప్పుడు గడ్డ ఒక్కటే తీసేదాన్ని. ఇప్పుడు గర్భసంచి నిలుస్తుందని మాటివ్వలేను. ఎందుకు ఆగావు?" అంది. మా ఆయన ఐరోపాలో చేయిస్తానన్నాడని చెప్పాను. ఆవిడ వెంటనే తేదీ రాసిచ్చింది. వచ్చే వారం ఇక్కడే ఆపరేషను. మేడం తోడు వస్తానంది. నీకు నేనంటే మొహం మొత్తితే ఆ మాట అప్పుడే చెప్పాల్సింది. ఏడుస్తాను, తిడతాను, అత్తయ్య దగ్గర పంచాయితీ పెడతాను, కానీ గడ్డ తీయించుకునేదాన్ని. నీ మాట పట్టుకుని ఆగిపోయాను చూడు, అందుకు నిన్ను క్షమించలేకపోతున్నాను. ప్రార్థన చేసుకున్నా నా వల్ల కావడం లేదు.

నిన్న దీవెన తిరుగు ప్రయాణం. ఎయిర్‌పోర్టు మా ఇంటికి దగ్గరే కదా, నడిచే వెళ్లి ఒక కవరు అంటించి ఆవిడ చేతిలో పెట్టాను. "సంబంధం ఫోటో అండీ" అన్నాను.

ఆవిడ మురిసిపోయింది. "మీవాళ్లమ్మాయేనా? ఏమవుతుందండీ?"

"మా ఇంటమ్మాయేనండీ. ఎలియేజరుకి మేనమామ కూతురు, వరస కూడా కుదురుతుంది. నర్సు కాదు గానీ ఇంటిపని బాగా చేస్తుంది."

"అయ్యో, మేనరికమైతే మరీ మంచిది! ఆదివారం కూడికలో ప్రార్థన చేసి అందరి ముందూ విప్పుతామండీ" అని నా చెయ్యి నొక్కి మరీ వెళ్లింది. పాపం మంచి మనిషి, ఆవిడ మీద నాకు కోపం లేదు.

ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆ ఆదివారం అయిపోయి ఉంటుంది. ఫోటో నువ్వు చూసిందే. నేను తెల్లచీర కట్టుకుని, తలమీద పూలకిరీటం పెట్టుకుని, పాస్టరుగారి పక్కన నిలబడ్డది. రెండోవైపు, అరువు తెచ్చుకున్న కోటులో, కుడి కనుబొమ్మ మీద గాటుతో నవ్వుతున్న పెళ్లికొడుకు ఎవరని మీ వాళ్లు అడిగి ఉంటారు. ఏం చెప్పావో నాకు రాయి.

ఇట్లు,
నీ మేనమామ కూతురు, ఆ ఫోటోలోని పెళ్లికూతురు,
ఏంజెల్