మంగతాయారు ఇటలీ యాత్ర

శుక్రవారం రాత్రి, అమ్వాజ్

నాలాగే గల్ఫుకి పనికొచ్చి, పక్క విల్లాలో చేస్తున్న మంగతాయారు వేషాలకు అంతు లేకుండా పోతోంది. దాని మేడమ్ స్నేహితురాలితో కలిసి ఇటలీ సముద్రపు ఊళ్లు తిరగడానికి వెళ్తూ దీన్ని ఇంటికి కాపలా పెట్టిపోయింది. ఇదేమో తనను కూడా తీసుకెళ్తున్నారని మా ఊరంతా ముందే టముకు వేసుకుంది. అందుకని ఇవాళ సెలవు పూట నన్ను లాక్కెళ్లి, ఇక్కడి కాలవ గట్టునే ఇటలీ చేసేసింది.

మేడమ్ టోపీ పెట్టుకుని పడవల దగ్గర ఫొటోకి నిలబడితే అదొక ఊరు. టోపీ తీసేసి, చున్నీ తలకు చుట్టుకుని వంతెన ఎక్కితే ఇంకో ఊరు. చెమటకి పౌడరు చారలు కట్టింది. వెనకాల కొట్టు మీద అరబ్బీ బోర్డు.

"బోర్డు పడుతోందే" అన్నాను.

"పడనీ. మనూళ్లో అరబ్బీ ఎవడికొచ్చు, ఇటలీ ఎవడికొచ్చు? నువ్వు తియ్యవే."

సిగ్గులేని మొహం. దాన్ని నమ్మేవాళ్లని అనాలి అసలు.

ఇందాక మా అమ్మాయి ఫోన్ చేసింది. "తాయారు పిన్ని ఇటలీ ఫొటోలు పెట్టిందమ్మా. నిన్ను తీసుకెళ్లలేదా?" అంది. గొంతు చిన్నబోయింది.

"ఆ ఫొటోలు ఎవరు తీశారనుకున్నావే?" అన్నాను.

వెంటనే, "అక్కడ సముద్రం ఎలా ఉందమ్మా?" అని అడిగింది.

"మన కాకినాడలో కంటే నీలంగా ఉంది."

రేపు కాలేజీలో అందరికీ చెప్తుందట. మేము ఏయే ఊళ్లు తిరిగామో పొద్దున్నే తాయారుని అడగాలి.