కాగితం పైన శ్రీ

అన్నయ్యా, ఈ ఉత్తరం పైన శ్రీ రాయలేదు. చేయని నేరాన్ని ఒప్పుకుంటూ నువ్వు సంతకం పెట్టిన కాగితం పైన దాన్ని చూశాక భయమేస్తోంది. ఏ కాగితమైనా నీకు శ్రీతోనే మొదలు. "సైన్ చేస్తే నెలలో ఇండియా, ట్రయల్‌కి వెళ్తే ఇరవై ఏళ్ళు" అన్నారట నీతో. ఆ నెల తిరక్కుండానే, ఇన్సులిన్ అడిగి అడిగి జైల్లోనే పోయావు.

ఇవాళ ఆ ఇమ్మిగ్రేషన్ వాళ్ళే నన్నూ పిలిచారు. నీ వీసాకి దొంగ కాగితాలు నేనే తయారుచేశానట. పాపను పక్కింటి ఆంటీ దగ్గర వదిలి వెళ్ళాను.

"లాయర్ కావాలి" అన్నాను.

ఆఫీసర్ మాటను ఇంటర్‌ప్రెటర్ తెలుగులో చెప్పాడు: "సైన్ చేసెయ్యమ్మా, సాయంత్రానికి పాప దగ్గరుంటావ్."

పెన్ను అందుకున్నాను. నా చెయ్యి దానంతటదే కాగితం పై అంచుకి పోయి శ్రీ రాసేసింది. అది చూసి, సంతకం పెట్టకుండా పెన్ను కింద పెట్టేశాను.

సంతకానికి రేపు పదింటిదాకా టైమిచ్చారు.