మూసిన రెప్పకు వెలిగే ఉప్పు

చిరంజీవి చిట్టికి,

అక్క దీవించి రాయించేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నామని రాయమంటే, మీ బావ కలం ఆపి నా మొహంకేసి చూస్తున్నట్టున్నారు. "రాయండి మహానుభావా" అంటే రాశారు. నాకు చేతినిండా పనుండి ఆయనచేత రాయిస్తున్నాననుకో.

నువ్వడిగినవి చెప్తాను. అవును, మా ప్రయోగశాలలో తయారుచేసేది రేడియం క్లోరైడే. ఎలా చేస్తారంటే, ఇంచుమించు వంటపనే. బేరియం కలిసిన ఉప్పును మరిగే నీళ్ళలో కరిగించి చల్లారనిస్తాం. ముందు పేరుకునే పలుకుల్లో రేడియం పాలు ఎక్కువ. పైనీళ్ళు వంచేసి, ఆ పలుకుల్నే మళ్ళీ కరిగించి, మళ్ళీ చల్లార్చి, డేగిసాతో మొదలుపెట్టినవాళ్ళం చివరికి చెంచాకు దిగుతాం.

కొత్తలో అచ్చం కూరలో వేసుకునే ఉప్పులా తెల్లగా ఉంటుంది. పాతబడితే పసుపు తిరుగుతుంది. గులాబీ ఛాయ వచ్చిందంటే బేరియం ఇంకా వదల్లేదన్నమాట. ఇక ప్రయోగశాల నడిపే మా పెద్దసారు ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. ఈ ఉప్పు పొయ్యి లేకుండానే తన వేడి తనే పుట్టించుకుంటుంది. దాన్ని దాచిన గాజుగొట్టం ఊదారంగుకు మారిపోతుంది. గాజుకే దిక్కులేదు, నా వేళ్ళ సంగతి అడక్కు.

చీకట్లో వెలుగుతుందా అన్నావు. వెలుగుతుంది, లేత నీలంగా. గొట్టాన్ని మూసిన రెప్పకు ఆనిస్తే కంటిలోపలంతా వెలుగే. సరుకు చిక్కనో పలచనో మేం తేల్చేది అలాగే. ఆ పనికి నేను పెట్టింది పేరు. "మీ అక్క చూపే నీకూ ఉంటుంది, వచ్చి ఆమె చోట్లో చేరు" అని పెద్దసారు నీకు రాశాడట. నువ్వు ఎగిరి గంతేసి సరేనన్నావట!

ఇక నీళ్ళు నమలను. నీ ఉత్తరం నేను చదవలేదే చిట్టీ, మీ బావ చదివి వినిపించారు. ఆ గొట్టాలు ఆనించీ ఆనించీ రెండు కళ్ళకూ పొర కమ్మేసింది. ఎదురుగా ఉన్నదెవరో గొంతు వింటేగానీ తెలియడం లేదు. ఈ మాట తెలిసి పెద్దసారు ఇంటికొచ్చి, జేబులోంచి గొట్టం తీసి నా రెప్పకు ఆనించాడు.

"వెలుగు కనబడుతోందా?"

"కనబడుతోందండీ."

"మరింకేం! నీ కళ్ళు భేషుగ్గా ఉన్నాయి."

అంతే, వెళ్ళిపోయాడు. మూసిన రెప్పలోంచే కనబడే వెలుగుకు కంటిపొర ఒక అడ్డా! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది. ఆ మాట అనేటప్పుడు ఆ మొహం ఎలా ఉందో కూడా నాకు తెలియదు.

ఆ పనికి రానని ఇవాళే రాసి పడెయ్. నన్ను చూడ్డానికైతే రా. వచ్చి గుమ్మంలో ఊరికే నిలబడకు, ఏదో ఒకటి మాట్లాడు. పోల్చుకుంటాను.

ఇట్లు,
మీ బావ చేతిరాతతో,
నీ అక్క