పద్నాలుగో స్తంభం దగ్గర వెలుతురు

మార్చి 3

ఇది రాయకుండా ఊరుకునేవాణ్ణే. ఈ డైరీ తొమ్మిదేళ్ళ కిందటిది, మందుల కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చారు. తేదీలు సరిపోతాయి, వారాలు సరిపోవు. ఇన్నాళ్ళూ స్టూడియోలో స్టూలు కాలు కింద ఎత్తుకి పెట్టుకున్నాను. ఇవాళ తీశాను కాబట్టి స్టూలు ఊగుతోంది. రేపటి పాస్‌పోర్ట్ ఫోటోల్లో జనమంతా ఒక పక్కకి ఒరిగి ఉంటారు.

విషయం ఏమిటంటే, మార్కెట్ పడగొడుతున్నారు. వెనక కొత్త బిల్డింగ్ లేచింది. ముప్ఫై రెండు షాపులు. ఇరవై ఏళ్ళకి పైగా ఇక్కడే కూర్చుని అమ్ముతున్నామని రుజువు చూపినవాళ్ళకే ఇస్తారట. రుజువు ఎవరి దగ్గరుంటుంది? రోజూ ఇచ్చే చీటీలు రోజూ చెత్తలోకి పోయాయి. ఆఫీసువాళ్ళ రిజిస్టరు వానకి తడిసి ముద్దయింది. అప్పుడు ఎవరికో నేను గుర్తొచ్చాను.

మార్కెట్ గేటుకి ఎదురుగా నా స్టూడియో. వెడల్పు ఆరడుగులు. రావడానికీ పోవడానికీ దారి ఒకటే, ముందు ఒక మెట్టు. లోపల నేనూ, స్టూలూ, నీలం తెరా, కస్టమరూ ఉంటే ఇంకో మనిషి పట్టడు. ఇవాళ లోపలా మెట్టు మీదా రోడ్డు మీదా కలిపి ముప్ఫై మంది. ఇన్నేళ్ళుగా నేను తీసిన మార్కెట్ ఫోటోలు కావాలట. చేపలావిడ నా గడ్డం పట్టుకుని బతిమాలింది. చెయ్యి కడుక్కుని రావాల్సింది.

మార్చి 4

పొద్దుటి నుంచి అట్టపెట్టెలు దించుతున్నాను. ఫోటో వెనక పెన్సిల్‌తో తేదీ రాసే అలవాటు ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

నాకు ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాల బండి మీద దొరికిన ఫోటోగ్రఫీ పుస్తకమే నా గురువు. దానికి చివరి అధ్యాయం చిరిగిపోయింది. అందులో ఏముందో నాకిప్పటికీ తెలియదు. ఎప్పుడు మానెయ్యాలో రాసి ఉంటారని మా ఆవిడ అంటుంది.

ఒకప్పుడు పేపర్‌వాళ్ళు నా మీద అరపేజీ రాశారు. ఈయన ఎవరినీ కూర్చో అనడు, నవ్వు అనడు, ఉన్నది ఉన్నట్టు పట్టుకుంటాడు అని. ఆ కటింగ్‌కి ఫ్రేము కట్టించి నీలం తెర పక్కన తగిలించాను. కస్టమర్ మెడ ఎటు తిప్పినా అదే కనపడాలి.

మధ్యాహ్నం ఆఫీసుకి వెళ్ళాం. ఆఫీసరమ్మ చిన్నావిడ, నిదానస్తురాలు. ముప్ఫై ఒక్కమందివీ ముప్ఫై ఒక్క ఫోటోలు. ఒక్కొక్కటే చూసింది. తర్వాత నా చేత స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించింది. ఇవి ఎవరి చోట వాళ్ళు అమ్ముకుంటుండగా తీసినవి, ఎవరినీ కూర్చోబెట్టి తీసినవి కావు అని. కూర్చోబెట్టి తీసినవైతే చెల్లవట. అలాగైతే దారిన పోయేవాణ్ణి కూడా తెచ్చి కూర్చోబెట్టొచ్చు కదండీ, అంది. నిజమే కదా అన్నాను.

పెన్ను బాగా రాసింది.

మార్చి 5

ఎదురుపడ్డవాళ్ళంతా నమస్కారాలు పెడుతున్నారు. తిరిగి పెట్టి పెట్టి భుజం పట్టేసింది.

మార్చి 7, ఉదయం పది

నిమ్మకాయలావిడ వచ్చింది. మొన్న గుంపులో లేదు. తట్ట దగ్గర కూర్చోవడానికి మనిషి దొరకలేదట. ఇరవై ఎనిమిదేళ్ళుగా పద్నాలుగో స్తంభం దగ్గర ఆవిడే. మెట్టు మీదే నిలబడి, నాది కూడా ఒక ఫోటో తీసిపెట్టండి అన్నయ్యా, పాతది, అంది. పాతది ఇప్పుడెలా తీస్తానమ్మా, వెతుకుతాలే, అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మిగిలింది ఒక్క షాపే. పద్నాలుగో తారీఖున విచారణ. రుజువు లేకపోతే ఆ షాపు వేలానికి పోతుంది.

మార్చి 7, సాయంత్రం

లేదు. నాలుగు పెట్టెలూ రెండేసి సార్లు చూశాను. ఒక్క ఫోటోలో లేదు.

ఎందుకు లేదో వెతకకముందే నాకు తెలుసు. ఎవరికీ చూపించని డైరీ కాబట్టి రాస్తున్నాను.

మార్కెట్ లోపలంతా చీకటి. ఇనప రేకుల కప్పు. ఎప్పుడో గాలివానకి పద్నాలుగో స్తంభం మీది రేకు ఎగిరిపోతే దాని చోట పాలరంగు ప్లాస్టిక్ రేకు వేశారు. పది నుంచి పదకొండున్నర దాకా దానిలోంచి దిగే వెలుతురు ఎలా ఉంటుందో నాకు చెప్పడం రాదు. ముడతలు ముడతల్లాగే ఉంటాయి, కానీ మనిషిని చూస్తూ ఉండాలనిపిస్తుంది. తాళాలు బాగుచేసేవాడు కూడా ఏదో లోతుగా ఆలోచిస్తున్నట్టు కనపడతాడు. వాడు జీవితంలో ఆలోచించింది టీ గురించి తప్ప ఇంకేమీ లేదు. ఆ వెలుతురుకి నేను బానిసనైపోయాను. సానపట్టేవాణ్ణి, చేపలావిణ్ణి, ఉల్లిపాయలాయన్ని, అందరినీ తట్టలతో తక్కెళ్ళతో సహా తీసుకొచ్చి అక్కడే కూర్చోబెట్టాను. అటు చూడు, నన్నెరగనట్టు ఉండు, అనేవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు అంటే అదీ.

ఆ చోటు నిమ్మకాయలావిడది. ప్రతిసారీ "ఒక్క నిమిషం లేమ్మా" అనేవాణ్ణి. తట్ట కాస్త పక్కకి లాగి, లేచి, నా వెనక నిలబడేది. నా ఒక్క నిమిషం అంటే అరగంట. ఆ అరగంట ఆమెకి బేరాల్లేవు. ఒక్కసారీ విసుక్కోలేదు. ఆమె ఫోటో తియ్యాలని నాకెప్పుడూ తోచలేదా అంటే, తోచింది. రోజూ అక్కడే ఉండే మనిషి కదా, రేపు తీద్దాంలే అనుకున్నాను.

మార్చి 9

నా దగ్గరున్న కాపీలు భూతద్దం పెట్టి చూశాను. ముప్ఫై ఒకటిలో ఇరవై ఆరు ఫోటోల్లో కింద ఎడమ మూల ఆమె తట్ట అంచు పడింది. అంచు చిరిగితే నల్లగుడ్డ వేసి కుట్టుకుంది. ఆ కుట్టు కూడా కనపడుతోంది. చేపల పక్కన నిమ్మకాయలు. తాళాల పక్కన నిమ్మకాయలు. కత్తుల పక్కన నిమ్మకాయలు. ఇంతకన్నా రుజువు ఇంకెవరికుంది?

కాకపోతే, అందరి ఫోటోల్లోనూ ఈ తట్ట ఎందుకుంది అని ఆఫీసరమ్మ అడుగుతుంది. అప్పుడు చెప్పాలి. చెబితే ముప్ఫై ఒక్కమందివీ చెల్లకుండా పోతాయి, దొంగ సంతకం పెట్టినవాణ్ణి నేనవుతాను. చెప్పకపోతే పోయేది ఆమె ఒక్కతే. అక్కడితో ఆలోచన ఆగిపోవాలి. ఆగడం లేదు.

స్టూడియోలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. పచార్లు చెయ్యడానికి కూడా చోటు లేని కొంప.

మార్చి 10

సానపట్టేవాడు వచ్చాడు. మార్కెట్ సంఘానికి ప్రెసిడెంటు. ఊరంతా బావా అని పిలుస్తుంది, తను మాత్రం ఎవరినీ ఆ చనువుతో చూడడు. నిమ్మకాయలావిడ మీద జాలిపడి ఏదన్నా నోరు జారేరు మాస్టారూ, అన్నాడు. తన చోటు ఇరవయ్యో స్తంభమని, ఫోటోలో పద్నాలుగో స్తంభమని, మీరు కూర్చోమంటేనే కదా కూర్చున్నానని గుర్తుచేశాడు. గొంతు పెంచలేదు. చేతిలో కత్తెర ఉంది. మా ఆవిడ సానకి ఇచ్చిన కత్తెరే అది, తిరిగివ్వడానికే తెచ్చాడు. అయినా తలుపు వైపు అతను, గోడ వైపు నేను, మధ్యలో స్టూలు.

భోజనాల దగ్గర మా ఆవిడకి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. వాళ్ళ కోసం నోరు మూసుకుంటున్నారా, గోడ మీది ఫ్రేము కోసమా, అని అడిగింది. కూర చల్లారిపోతోంది అన్నాను.

మార్చి 12

మా ఆవిడ అడిగినదానికి జవాబు: రెండూ. రెండోది కాస్త ఎక్కువ.

మార్చి 14

పదకొండుకి పిలిచారు. చేపలావిడ ఫోటో కాపీ జేబులో పెట్టుకుని వెళ్ళాను. తట్ట కుట్టు బాగా పడింది అందులోనే. చెప్పడానికే పెట్టుకున్నాను. అలా అనుకుంటున్నాను.

హాల్లో వెనక వరసలో మార్కెట్ మార్కెటంతా కూర్చుంది. చేపలావిడ ఒళ్ళో మనవరాలు నిద్రపోతోంది. బావ నా వైపు చూడలేదు, చూడాల్సిన పనీ లేదు.

నిమ్మకాయలావిడ ఉతికిన చీర కట్టుకుని ఆఫీసరమ్మ బల్ల ముందు నిలబడింది. ఆఫీసరమ్మకి ఇవ్వాలనే ఉంది, ఆ సంగతి మొహంలోనే తెలుస్తోంది. కాగితాలన్నీ తిరగేసి, చివరికి నా వైపు తిరిగి, మార్కెట్‌లో ప్రతి మనిషినీ తీశారు, ఈవిడది ఒక్కటీ లేదా, ఎలా కుదిరింది, అని అడిగింది.

నేను లేచాను. చెయ్యి జేబులో ఉంది. నోరు తెరిచాను. అందులోంచి ఏం వచ్చేదో నాకిప్పటికీ తెలియదు. ఈలోగా నిమ్మకాయలావిడ వెనక్కి తిరిగి చూసింది. నన్ను కాదు. వెనక వరసని, చివరిదాకా. చూసి మళ్ళీ ముందుకి తిరిగింది.

"ఆయన దగ్గరుండదమ్మా. నాకు ఫోటో అంటే సిగ్గు. కెమెరా కనపడితే చాలు, నేనే లేచి పక్కకి పోయేదాన్ని."

ఆఫీసరమ్మ నన్ను అడిగింది, నిజమేనా అని.

నిజమే అన్నాను.

బయట వరండాలో ఆమె వెనక పరిగెత్తాను. డెబ్బై నాలుగేళ్ళకి పరుగంటే చెప్పుల చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. ఆగింది. ఎందుకలా చెప్పావమ్మా అన్నాను.

"లేవడం నాకేమన్నా కొత్తా, అన్నయ్యా."

కోపంగా అనలేదు. తట్ట ఎవరికో చూడమని చెప్పి వచ్చానని, కాయలు ఎండకి వడిలిపోతాయని వెళ్ళిపోయింది.

మార్చి 15

కాపీ ఇంకా జేబులోనే ఉంది. చొక్కా ఉతుకులకి వేశాను. చూసుకుని తీస్తుందిలే మా ఆవిడ.

మార్చి 16

తియ్యలేదు. ముద్దయింది.

ఏప్రిల్ 2

మార్కెట్ పడగొట్టారు. ఇంత తేలిగ్గా పడుతుందనుకోలేదు. పాలరంగు రేకు విరక్కుండా కింద పడింది. పాత సామాన్లు కొనేవాడు చుట్టచుట్టి సైకిల్‌కి కట్టుకుపోయాడు.

కొత్త బిల్డింగ్‌లోకి రమ్మని ఒకటే పిలుపులు. వెళ్ళాను. అన్నీ ట్యూబులైట్లే. చేపలావిడా చేపలూ ఒకే రంగులో ఉన్నారు. తాళాలవాడు ఫోటో తియ్యమన్నాడు, ఈసారి తన చోటులోనే కూర్చున్నానని కన్ను కొట్టాడు. అందరూ నవ్వారు. బ్యాటరీ లేదని చెప్పాను. ఉంది. ముప్ఫై రెండో షాపు షట్టర్ దించి ఉంది.

ఏప్రిల్ 6

నిమ్మకాయలావిడ తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. నాలుగు రోజులుగా రోడ్డు మీద ఎక్కడ కూర్చుంటే అక్కణ్ణుంచి లేపేస్తున్నారట. మీ మెట్టు మీద కూర్చోనా అన్నయ్యా, అని అడిగింది. ఎన్నాళ్ళైనా కూర్చోమ్మా అన్నాను. ఒక గంటసేపు దాత మొహం వేసుకుని తిరిగాను, అంటే నాలుగడుగులు.

తర్వాత గమనించాను. మెట్టు ఎంతో తట్ట అంత. పక్కన ఆమె. ఎవరు లోపలికి రావాలన్నా, నేను బయటికి పోవాలన్నా, ఆమె తట్ట లాగి లేవాలి. ఇవాళ కస్టమర్లు నలుగురొచ్చారు. నాలుగుసార్లు వచ్చేటప్పుడు, నాలుగుసార్లు పోయేటప్పుడు లేచింది. ఎవరూ లేవమనలేదు. తనే లేచింది.

ఏప్రిల్ 7

గోడ మీది ఫ్రేము తీసి స్టూలు కాలు కింద పెట్టాను. సరిగ్గా సరిపోయింది.

ఏప్రిల్ 9, పదకొండు

టీకి వెళ్దామని లేచాను. మెట్టు మీద ఎండ పడుతోంది. ఆమె కాయలు తుడిచి ఒక్కొక్కటే పేర్చుకుంటోంది. నల్లగుడ్డ కుట్టు ఈ పక్కకి ఉంది. చెప్పుల చప్పుడు విని తట్ట మీద చెయ్యి వేసింది.

ఏమీ లేదమ్మా అని మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాను. ఇవాళ టీ తాగలేదు.