నాలుగుంబావు కిలోల పిల్ల

వర్షా,

ఇయ్యాల అంగడి. దుకాణంల మీ బాపు ఒక్కడే ఆగమైతడని సంగారెడ్డికి తొలి బస్సుకే పోతున్న. మీ పన్నెండో అంతస్తు దిగేసరికే అది పోయేటట్టుంది, జల్దీ రాస్తున్న.

లేవంగనే చాయ్ గిట్ల పెట్టుకోకు. షుగర్ పరీక్షకు రక్తం ఇచ్చేదాకా మంచినీళ్లే. ఇచ్చినంక తిననీకి డబ్బాల జొన్న రొట్టెలు, పాలకూర పప్పు పెట్టిన. లడ్డూల కోసం అల్మారలు దేవులాడకు, అవి నా సంచిల నాతోనే వస్తున్నయ్. అల్లుడి పేరు చెప్పి ఎవరు తింటున్నరో నాకు తెల్వదా?

డాక్టరమ్మకు ఒక మాట తప్పకుండ చెప్పు. మొన్న ఆమె "మీ అమ్మకు షుగర్ ఉండెనా" అనడిగితే, నువ్వు నోరు తెరవకముందే నేను లేదన్న. అల్లుడు పక్కనే కూసున్నడు, సిగ్గనిపించింది. నువ్వు కడుపుల ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చింది. నువ్వు పుట్టినంక పోయింది, ఇగ లెక్కకు రాదనుకున్న. నీకు వచ్చే భయం తక్కువే అని ఆమె అన్నది నా అబద్ధం నమ్మే. నీకిప్పుడు రెండో నెలే, ఇప్పుడే తెలిస్తే తిండి కాడ ముందే జాగ్రత్త పడొచ్చట.

నిన్ను బియ్యం తూచే కాటా మీద పెట్టి, నాలుగుంబావు కిలోలని మీ తాత బజారంత పేడాలు పంచిండు. అంతా నా నెయ్యి మహిమే అని నేనూ ఇన్నేండ్లు గొప్పలు చెప్పుకున్న. అది నెయ్యి కాదు బిడ్డా, షుగర్.

అమ్మ

కాన్పుకు కాటా తెస్తనని మీ బాపు అంటున్నడు. నేను దాచిపెడ్త. నీ బిడ్డ మూడు కిలోలే ఉండనీ. గొప్పలు చెప్పుకోనీకి నాకు గంతే చాలు.